ఉమ్మడి జాగాలో పెళ్ళిరాట

శనివారం పొద్దున్న మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి వరండాలో మాడుగుల హల్వా డబ్బా పట్టుకుని తెలిసినవాడికీ తెలియనివాడికీ తలా ఒక ముక్క పెడుతున్నాను. స్ట్రెచర్ తోసుకుపోతున్న ఆయన్ని కూడా ఆపి నోట్లో పెట్టాను. అప్పుడు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"బాబూ, సెక్రటరీ మేడమ్ గారు పోయారండి. కాఫీ తాగి కుర్సీలో కూకున్నారంట. అంతేనంట."

డబ్బాలో ఒక మూల ఆవిడ కోసమని విడిగా కాగితంలో చుట్టిన ముక్క ఉంది. మొదటి ముక్క ఆవిడకే ఇవ్వాలని మా అమ్మాయి నొప్పుల్లో కూడా చెప్పింది. ఆ కాగితంలోంచి నెయ్యి నా వేళ్ళకి అంటుకుంది. వేళ్ళు తుడుచుకోబుద్ధి కాలేదు.

ఇంత సంతోషంలో ఉన్నవాడు పోయినవాళ్ళ గురించి రాయొచ్చో లేదో నాకు తెలియదు. నేను చదివింది ఐదో తరగతి. బతుకంతా బోటు డ్రైవరుగా సముద్రం మీదే గడిచింది. నా చేతికి కలం కంటే చుక్కాని బాగా తెలుసు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే, పట్టలేనంతగా నా గుండె నిండిన ఈ సంతోషంలో ఆవిడ వాటా ఉంది. ఆ వాటా ఏమిటో మీకు చెప్పకపోతే నాకు అన్నం దిగదు.

ఆవిడ మాకు చుట్టం కాదు. మా కులం కాదు, మా మతమూ కాదు. వన్ టౌన్‌లో రేవు వైపు పోయే సందులో పాత మిద్దె ఒకటి పడగొట్టి మా బిల్డింగు కట్టారు. పదహారు ఫ్లాట్లు. మొదటి రోజు నుంచీ ఆవిడే సెక్రటరీ. హెడ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చికి కట్టే తెల్లచీరకీ మిగతా రోజుల చీరలకీ తేడా మా ఆవిడ కనిపెట్టగలిగేది గానీ నాకు తెలిసేది కాదు.

మేం మూడో అంతస్తులో చేరిన వారం, తలుపుకి బయట దిష్టి గుమ్మడికాయ కట్టాను. సాయంత్రానికి బెల్లు మోగింది.

"డ్రైవరు గారూ, ఈ కాయ ఎవరిదండీ?"

"నాదేనండి. దిష్టికండి."

"కాయ మీదే. కట్టిన జాగా ఎవరిది?"

"తలుపు నాదే కదండీ మేడమ్."

"తలుపు లోపలి మొహం మీది. బయటి మొహం అందరిదీ. లోపల కట్టుకోండి."

"లోపల కడితే దిష్టి ఆగుతాదేటండీ?"

"మీ ఇంట్లో కొత్త సోఫా చూశాకే కదా ఎవరైనా దిష్టి పెట్టేది? లోపలే బాగా పనిచేస్తుంది."

వంటింట్లోంచి మా ఆవిడ పకపకా నవ్వింది. కాయ లోపలికి వచ్చేసింది. గడపకి పసుపు రాసుకోవచ్చా అని మా ఆవిడ అడిగితే, "రాసుకోండమ్మా, గడప మీదే. ముగ్గు మాత్రం కారిడార్లోకి రాకూడదు, తడి కాలు పడితే జారుతుంది," అన్నారు. ఆవిడ ఏ రూలు చెప్పినా వెనకాల ఒక జారిన కాలో, విరిగిన తుంటో ఉండేది. నర్సు కదా.

మెట్ల మూలల్లో కిళ్ళీ ఉమ్ములు ఎక్కువయ్యాయని ఒకసారి అందరూ కలిసి దేవుళ్ళ టైల్స్ అతికించారు. ఒక మూల వెంకన్నబాబు, ఇంకో మూల శిలువ, మరో మూల మక్కా. ఊరంతా చేసే పనే అది. మేడమ్ చర్చి నుంచి వచ్చి చూసి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు.

"ఉమ్మేవాడిని ఆపడానికి దేవుణ్ణి కాపలా పెడతామా?" అన్నారు.

మర్నాడు మేస్త్రీని పిలిపించి పగలకుండా మూడూ ఊడదీయించారు. శిలువది ముందు తీయించారు. మూడింటినీ తుడిచి గుడ్డలో చుట్టి, ఎవరివి వాళ్ళకి ఇచ్చేశారు. తరవాత ఫినాయిలు, చీపురు పట్టుకుని మూలలు తనే కడగడం మొదలుపెట్టారు. ఆ వయసు మనిషి వంగి కడుగుతుంటే చూసినవాడెవడికీ మళ్ళీ అక్కడ ఉమ్మబుద్ధి కాలేదు.

క్రిస్మస్‌కి ఆవిడ నక్షత్రం కూడా అంతే. బాల్కనీ గోడ బయటి మొహం అందరిదీ కాబట్టి, గదిలో కిటికీకి లోపలి పక్క కట్టేవారు. రోడ్డు మీంచి చూస్తే మూడు కొనలే కనిపించేవి. పాటలు పాడుకుంటూ వచ్చిన చర్చివాళ్ళు, "ఏంటి సిస్టరుగారూ, నక్షత్రాన్ని జైల్లో పెట్టేశారు," అని ఆటపట్టించేవారు. "జైలు కాదు, సొంతిల్లు," అనేవారు.

ఇంక నీళ్ళు. వన్ టౌన్‌లో ఎండాకాలం అంటే మీకు తెలిసిందే. రోజు విడిచి రోజు పంపు. వచ్చిన నీళ్ళన్నీ సెల్లార్లో ఈశాన్యం మూల భూమిలో కట్టిన సంపులోకి పోవాలి, అక్కణ్ణించి మోటారు పైకి ఎక్కించాలి. మేడమ్ రోజూ పొద్దున్నే మూత తీయించి, వెదురు కర్ర ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో చూసేవారు. జ్వరం చూసినట్టే చూసేవారు. తడి తక్కువైతే మొహం వాడిపోయేది.

ఇప్పుడు రెండో అంతస్తు షావుకారు గారి సంగతి చెప్పాలి. మేడమ్ తలుపుకి ఎదురు తలుపు ఆయనది. హోల్‌సేల్ బెల్లం కొట్టు. మంచి మనిషే, గొంతు పెద్దది. ఒక ఏడాది వినాయక చవితికి సెల్లార్లో పందిరి వేసి విగ్రహం పెడతానన్నాడు. ఉమ్మడి జాగాలో ఏది పెట్టాలన్నా, తవ్వాలన్నా, తగిలించాలన్నా పదహారు ఇళ్ళూ ఒప్పుకోవాలని మా రూలు. పదిహేను మంది సరేనన్నారు. నేనూ అన్నాను. మేడమ్ ఒక్కరే కాదన్నారు.

"మీ నక్షత్రమైతే పెట్టీవోరు కాదేటి?" అన్నాడు షావుకారు.

"పెట్టలేదు కదండీ."

"మా దేవుడంటే మీకు పడదు. అదీ సంగతి."

"మోటారు స్విచ్చిబోర్డు నుంచి పందిరికి కరెంటు లాగుతానన్నారు. అదీ సంగతి. కాదనే హక్కు నాకుంది, కాదంటున్నాను."

ఆయన తన ఇంట్లోనే చిన్న మట్టి వినాయకుణ్ణి పెట్టి తొమ్మిది రోజులూ పూజ చేశాడు. బాల్కనీలో ఇత్తడి బాల్చీలో నిమజ్జనం చేశాడు. ఆ రోజు నుంచి మేడమ్ మెట్లమీద ఎదురైతే గోడవైపు తిరిగి నిలబడేవాడు. ఆవిడ "నమస్కారమండీ" అని గోడకే చెప్పినట్టు చెప్పి దిగిపోయేవారు.

ఆ తరవాతి వేసవిలోనే మా అమ్మాయికి సంబంధం కుదిరింది. గాజువాక కుర్రాడు. అమ్మాయికి నచ్చాడు, మాకూ నచ్చాడు. మేం పుట్టిపెరిగిన సముద్రం ఒడ్డు పేటలో పెళ్ళంటే ముందు రాట. కొమ్మకి మామిడాకులు కట్టి, పసుపుగుడ్డలో నవధాన్యాలు మూటగట్టి, ఈశాన్యం మూల నేలలో పాతితేనే పెళ్ళి మొదలైనట్టు. మా అప్ప, మా బావ శుభలేఖలు చూడ్డానికి వచ్చారు. అప్ప అంటే మా పెద్దక్క. నన్ను పెంచింది తనే.

"రాటెక్కడ పాతుతావురా?" అంది అప్ప.

"కింద సెల్లార్లో అప్పా."

"సెల్లారంటే ఏటి?"

"బళ్ళు పెట్టుకునే సోటు."

"బళ్ళు పెట్టుకునే సోట పెళ్ళిరాటేటిరా? నీకు నేల నేదా? ఇల్లు గాల్లో కొనుక్కున్నావేటి?"

"మూడో అంతస్తు కదే," అన్నాడు బావ. "గాల్లోనే. కాకులకి దగ్గిర."

నవ్వాం గానీ అప్ప నవ్వలేదు. "రాట పాతడానికి జాగా నేనిది ఇల్లు కాదురా. పెట్టె. పంతులుగారు పెట్టిన ముహూర్తానికి ఇక్కడ నేలలో రాట పడకపోతే పెళ్ళి మన పేటలో నా వాకిట్లో సేత్తాను. పెళ్ళికూతుర్ని పంపీ."

మా అమ్మాయి లోపల్నుంచి వచ్చింది. "అత్తా, నాను పెళ్ళికూతుర్నయితే ఈ గుమ్మంలోంచే దిగుతాను," అంది. అరిచి చెప్పలేదు. పేటలో తాటాకింట్లో పుట్టిన పిల్ల. గోడకి తనే రంగు ఎంచుకున్న మొదటి ఇల్లు ఇది. పెళ్ళి ఇక్కణ్ణించి జరక్కపోతే, ఈ ఇల్లు మాది కాదని ఊరంతా చెప్పుకున్నట్టే దానికి.

దస్తావేజు పట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళాను. అందులో, కట్టడం కింద ఉన్న నేలలో నాకూ ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని రాసి ఉంది. "నా వాటా నేల ఎక్కడుందో సూపించండి మేడమ్. ఆ గజాల్లోనే రాట పాతుకుంటాను. ఎవరి జాగా ముట్టుకోను," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను చూపించలేను డ్రైవరు గారూ. కట్టినవాడూ చూపించలేడు. మీ వాటా ఎక్కడా లేదు, అంతటా ఉంది."

"దేవుడి గురించి సెప్పినట్టు సెప్తన్నారు."

"దేవుడి గురించి నాకంత గట్టిగా తెలీదు. ఈ నేల గురించి తెలుసు. ఎక్కడ గుప్పెడు తవ్వినా అందులో పదహారు మందిదీ వస్తుంది. పైగా మీకు ఈశాన్యం కావాలి. వాస్తు ప్రకారం కట్టినవాడు సంపు కూడా ఈశాన్యంలోనే పెట్టాడు. సిమెంటు లేకుండా కంటికి మట్టి కనిపించేది ఆ మూత చుట్టూ జానెడు. దాని కిందే సంపు గోడ. గునపం తగిలిందంటే ఈ ఎండల్లో పదహారిళ్ళ గొంతు ఆరిపోతుంది."

పంతులుగారి ఈశాన్యం, కట్టినవాడి ఈశాన్యం ఒకే మూల కొట్టుకుంటున్నాయి. నేను దస్తావేజు మడిచి లేచాను. గుమ్మం దాకా వచ్చాక ఆవిడ వెనకనుంచి పిలిచారు.

"డ్రమ్ములో మట్టి పోసి పాతితే మీ అప్ప ఒప్పుకోదా?"

"ఇసకలో గుచ్చితే అది రాట కాదు, సీపురంటాదండి."

"ఇసుక కాదు. ఇళ్ళలో కుండీలున్నాయి కదా. ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు మట్టి. ఇచ్చారంటే ఉమ్మడి జాగాలో డ్రమ్ము పెట్టడానికి ఒప్పుకున్నట్టు. అన్నీ వస్తే సంపు పక్కనే పెట్టుకోండి, మూడు రోజులు. ఒక్క గుప్పెడు తగ్గినా లేదు." అంటూనే బాల్కనీలోకి వెళ్ళి గులాబీ కుండీలోంచి మట్టి తీసి స్టీలు గిన్నెలో తెచ్చారు. "ఇది మొదటిది."

అప్పకి చెప్పాను. "పెళ్ళికి పుట్టమన్ను తేమా ఏటి? అదీ తెచ్చిన మన్నే. ఇన్నిళ్ళోళ్ళు మనసారా ఇచ్చిన మన్నైతే నేలే మరి. సరే. కానీ అందరిదీ ఉండాల."

చూశారా, ఇద్దరూ ఒకే షరతు పెట్టారు.

మా అమ్మాయి పళ్ళెంలో కుంకుమ పెట్టుకుని గడప గడపకీ వెళ్ళింది. మొదటి అంతస్తులో టైలరు భాయి పుదీనా కుండీలోంచి వేళ్ళతో సహా పీకి ఇచ్చాడు. తులసి కోటల్లోంచి, కరివేపాకు డబ్బాల్లోంచి అందరూ ఇచ్చారు. షావుకారు గారు ఇవ్వలేదు.

నేనే వెళ్ళాను. తలుపు సగం తీశాడు. "నా వినాయకుడికి నేని జాగా నీ రాటకి ఎక్కణ్ణించొచ్చింది డ్రైవరూ? ఆవిడ ఒక్క 'కాదు'తో నన్ను ఆపీసింది. ఇప్పుడు నాది కూడా ఒక్క 'కాదు'."

"నా కూతురు పెళ్ళండి."

"నాది దేవుడి పండగ. ఎల్లు."

మేడమ్‌ని బతిమాలాను, మీరొక మాట చెప్పండని. "చెప్పను," అన్నారు. "ఆయనకి హక్కుంది. నేను వాడుకున్న హక్కే." తుఫాన్లో ఇంజను ఆగిపోయినప్పుడు కూడా నాకంత దిక్కు తోచకపోలేదు.

రాట ముహూర్తం పొద్దున్న పేట నుంచి జనం దిగారు. డప్పులు, కొమ్మ, అప్ప చేతిలో పళ్ళెం. బావ భుజం మీద గునపం. గునపం ఎందుకు బావా అంటే, "మీ సదువుకున్నోళ్ళ మాటలు తెమలవు. నేను తెముల్సీస్తాను," అన్నాడు.

మేడమ్ అప్పటికే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి సంపు మూత మీద వేసుకుని కూర్చున్నారు. డప్పు ఆగింది.

"లెగండమ్మగారూ," అన్నాడు బావ.

"లేవను బాబూ."

"మీ యేసుపెబువు సెప్పాడేటండీ లెగొద్దని?"

ఆవిడ మొహంలో ఏమీ మారలేదు.

"కాదు. నీళ్ళ మోటారు చెప్పింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకి బావ మొహం ఎర్రబడింది. అప్పుడే ఎవరో పైకి చూపించి, ఒక్కడే ఇవ్వలేదు, ఆ రెండో అంతస్తోడే అన్నారు. "అయితే ఆణ్ణే దింపుతాను," అని బావ గునపంతోనే మెట్లెక్కేశాడు. వెనక పది మంది. నేను వాళ్ళ వెనక.

మేడమ్ లేచారు. నా కూతురు పసుపు చీరలో అక్కడే నిలబడి ఉంది. దాని చెయ్యి పట్టుకుని, "నువ్వు కూర్చో ఇక్కడ," అని తన కుర్చీలో కూర్చోబెట్టారు. పెళ్ళికూతురు సంపుకి కాపలా. కదలకుండా కూర్చుంది పిల్ల.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, గబగబా మెట్లెక్కలేరు. మేం రెండో అంతస్తు చేరేసరికి లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఆవిడ బయటికి వచ్చి షావుకారు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు. చెయ్యి చాచితే గునపం అందేంత దూరం. గొంతు వార్డులో నర్సుదే.

"గునపం కింద పెట్టు. ఈయన కాదన్నాడు. అప్పుడు వినాయకుడికి కాదన్నది నేను. కాదన్నవాళ్ళ తలుపు పగలగొట్టాలంటే వరస ప్రకారం ముందు నాది. అదిగో, ఎదురుగానే ఉంది. తాళం కూడా వెయ్యలేదు."

బావ కదల్లేదు. నేను వెళ్ళి గునపం రెండో కొస పట్టుకున్నాను.

"దింపు బావా."

"నీ పిల్ల పెళ్ళిరా."

"తెలుసు బావా. దింపు."

చాలాసేపు ఇద్దరం రెండు కొసలు పట్టుకుని ఉన్నాం. తరవాత అది నా చేతిలోకి బరువుగా వచ్చేసింది.

మేడమ్ తలుపు వైపు తిరిగారు. "షావుకారు గారూ, మీరు తలుపు తీయక్కర్లేదు. మీ గుప్పెడు రాలేదు, రాట లేదు. వాళ్ళు పెళ్ళి పేటలో చేసుకుంటారు. మిమ్మల్ని ఎవరూ మాట అనరు. నాది పూచీ."

అంతే. నా వైపు ఒక్కసారి చూశారు. ఆ కళ్ళలో నీళ్ళున్నాయి, మాటలో మాత్రం లేవు. కిందికి దిగాం. అప్ప పళ్ళెం మీద గుడ్డ కప్పేసింది. "లెగు తల్లీ, ఎల్లిపోదాం," అని అమ్మాయి భుజం పట్టుకుంది. అది కుర్చీ చేతులు వదల్లేదు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గడియారం చూసుకున్నారు.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు అయింది. షావుకారు గారు. బనీను, పంచె. చేతిలో ఇత్తడి చెంబు. తిన్నగా మేడమ్ దగ్గరికి వచ్చి, గోడవైపు తిరక్కుండా ఆవిడ మొహంలోకే చూశాడు.

"మీరు రానివ్వని వినాయకుడే దిగేడు మేడమ్. బాల్చీలో కరిగిన మట్టి. తులసి కుండీలో పోసుకున్నాను. ఇప్పుడు సెల్లార్లోకి వచ్చాడా, నేదా?"

ఆవిడ చెంబులోకి తొంగి చూశారు. "వచ్చాడు. మూడు రోజులే మరి."

"మూడు సాలు."

"గణపతే ముందొచ్చినాడు, ఇంకేటి కావాల," అని అప్ప పళ్ళెం మీద గుడ్డ తీసేసింది. నేను షావుకారు చేతులు పట్టుకుంటే ఆయన విదిలించుకున్నాడు. "నీకోసం కాదు డ్రైవరూ. నన్ను నిలువునా ముంచిన మనిషి నా తలుపుకి అడ్డం నిలబడితే నానేటి సెయ్యను," అన్నాడు గొణుగుతూ.

అడుగున ఇటుకలు పేర్చిన డ్రమ్ములో మట్టి అంతా పోస్తున్నాం. మేడమ్ ఒక్కొక్క ఇల్లూ పేరు చెప్పి పోయిస్తున్నారు. చివరికి చెయ్యి ఎత్తి ఆపారు.

"డ్రైవరు గారూ, మీదేదీ?"

ఇన్ని గడపలు తిరిగాం, మా ఇంటి మట్టి తేలేదు. మా ఇంట్లో కుండీయే లేదు. సముద్రం మీద బతికినవాణ్ణి, మొక్క పెంచడం నాకేం తెలుసు? పంతులుగారు గడియారం చూస్తున్నారు, బావ నన్ను చూస్తున్నాడు. అప్ప పెదవి విరిచి, చీర కొంగు ముడి విప్పింది. పొద్దున్న బయల్దేరేటప్పుడు మా నాన్న బోటు లాగిన ఒడ్డున గుప్పెడు తీసి శకునానికి ముడేసుకుందట. పొడి ఇసుక. అందులో చిన్న చిన్న గవ్వ ముక్కలు.

"ఇసకే. కానీ నీ ఇసకేరా," అంది.

మేడమ్ రెండు వేళ్ళతో నలిపి చూశారు. "ఇది మట్టేనా?"

"మా కాడ అదే మట్టండి," అన్నాను.

"సరే. పొయ్యండి."

రాట నిలబెట్టాం. డప్పులు మోగాయి. మా అప్ప మేడమ్‌ని పిలిచింది, మీరూ ఒక చెయ్యి వెయ్యండమ్మగారూ అని. ఆవిడ దగ్గరికి వచ్చి, "రాటకి వెయ్యను. డ్రమ్ము ఒరుగుతోంది, అది పట్టుకుంటాను," అన్నారు. రాట మీద మా వాళ్ళందరి చేతులు, డ్రమ్ము అంచు మీద ఆవిడ చేతులు. నా కూతురు ఆ గుమ్మంలోంచే దిగి పెళ్ళిపీటల మీద కూర్చుంది. మూడో రోజు సాయంత్రం, ఇంకా ఇంటినిండా చుట్టాలుండగానే బెల్లు మోగింది.

"డ్రైవరు గారూ, డ్రమ్ము."

నేనూ బావా దాన్ని మోసుకొచ్చి మా బాల్కనీలో పెట్టాం. మా ఆవిడ అందులో మరువం వేసింది. అది ఇప్పటికీ ఉంది. షావుకారు గారు ఆ తరవాత ప్రతి చవితికీ సెల్లారు అడిగేవారు, ఆవిడ ప్రతి చవితికీ కాదనేవారు. "అడిగే హక్కు నాదండి," అని నవ్వుకుంటూ పోయేవాడు. పండక్కి ఆవిడ ఇంటికి మొదటి బెల్లం అచ్చు ఆయన కొట్టు నుంచే వెళ్ళేది.

మొన్న శనివారం ఆస్పత్రి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అందరూ సెల్లార్లో ఉన్నారు. మేడమ్‌ని ఉంచిన ఐస్ పెట్టె సంపు పక్కన పెడితే అందరూ చూసుకుంటారని అనుకుంటున్నారు. ద్వారకా నగర్ నుంచి వచ్చిన మేడమ్ కూతురు కళ్ళు తుడుచుకుంటూ అడ్డం చెప్పింది.

"అమ్మ ముందే వద్దంది. ఉమ్మడి జాగా అంది. తన గుమ్మం లోపలే ఉంచమంది."

షావుకారు గారు ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తున్నారు. "ఒప్పుదలే కదమ్మా కావాలి? అందరం ఒప్పుకుంటాం. ఇప్పుడే అడిగేద్దాం, పదహారిళ్ళూ," అన్నారు.

"పదహారు ఎక్కడండీ? అమ్మ కాదంది కదా. పదిహేనే," అంది ఆ అమ్మాయి.

ఆయన కర్ర మీద రెండు చేతులూ వేసి తల దించుకున్నారు. "ఈసారి కూడా ఒక్క 'కాదు'తో నెగ్గీసింది," అన్నారు.

అలా ఆవిడ తన తలుపుకి లోపలి పక్కనే ఉన్నారు. మేమే వరసకట్టి మెట్లెక్కి వెళ్ళాం. ఆవిడ కడిగిన ఆ మూలలు, ఇన్నేళ్ళకీ తెల్లగా ఉన్నాయి.

ఆదివారం సమాధికి బయల్దేరే ముందు బాల్కనీలోకి వెళ్ళి మరువం మొదట్లో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాను. దారంతా ఆ చెయ్యి జేబులోంచి తియ్యలేదు. పొద్దున్న నా మనవరాలిని చూసి వచ్చాను. అది కూడా గుప్పెడు బిగించుకునే పడుకుంది. ఎంత విప్పబోయినా విప్పలేదు.

పాస్టరు గారు ప్రార్థన చేసి మట్టి వెయ్యమన్నారు. ముందు కూతురు, తరవాత చర్చివాళ్ళు, తరవాత కర్ర పక్కన పెట్టి వంగి షావుకారు గారు. నా వంతు వచ్చింది. గుప్పెడు విప్పాను. ఆవిడ గులాబీ మట్టి, భాయి పుదీనా మట్టి, వినాయకుడు, మా ఒడ్డు ఇసుక, ఏది ఏదో ఎవరూ చెప్పలేనట్టు కలిసిపోయి నల్లగా జారింది. మరువం వాసన వచ్చింది. నల్ల పెట్టె మీద మట్టంతా పక్కలకి దొర్లిపోయాక, మూత నడిమధ్య ఒక చిన్న గవ్వ ముక్క మాత్రం జారకుండా ఆగింది. ఎండ దాని మీద పడి తెల్లగా మెరిసింది. తరవాతి గుప్పెడు పడేదాకా అది అక్కడే ఉంది.